మొండి వాసన మన చేతుల్లోనే తయారవుతుంది

వేట నుంచి ఇంటికి వచ్చే వాసనల్లో చాలావరకు పుట్టుకతో మొండివి కావు. రక్తపు నీచైనా, కొవ్వు జిడ్డైనా, జింక కాలి గ్రంథి నుంచి అంటిన గబ్బైనా మొదటి రోజున చల్లనీళ్ళకూ సబ్బుకూ చాలావరకు లొంగుతుంది. దాన్ని మొండిగా మార్చేది మనమే. తడిసిన బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో కుక్కి కారు డిక్కీలో వదిలేస్తాం. ఇంటికి చేరాక వేడినీళ్ళలో వేస్తాం. ఇంకా వాసన వస్తోందని తెలిసినా డ్రైయర్‌లో తిప్పేస్తాం. చివరికి సెంటు చల్లి అల్మరాలో పెడతాం. ఈ నాలుగు పనులూ జరిగిన జాకెట్ ఆ తర్వాత వాన చినుకు తగిలిన ప్రతిసారీ గుప్పుమంటుంది.

ఈ అధ్యాయంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే. వాసన ఏ పదార్థం నుంచి వస్తోందో ముందు గుర్తించాలి. దానికి తగిన మందును సరైన వరసలో వాడాలి. చేతికి దొరికిందల్లా పోసి చూడటం వల్ల బట్టలు పాడవుతాయి, వాసన మిగులుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాబట్టి ఇది అమెరికాలో ఉంటూ అక్కడి రాష్ట్రాల నియమాల ప్రకారం, సీజన్‌లో, అనుమతితో వేటకు వెళ్ళే తెలుగువారి కోసం రాస్తున్నాను. టెక్సస్‌లో ఉన్న చాలామందికి ఈ అలవాటు అడవిపందులతో మొదలవుతుంది. పంటల్ని, పచ్చికను నాశనం చేస్తున్న ఈ పందుల్ని భూమి సొంతదారు అనుమతి ఉంటే ప్రైవేటు స్థలంలో లైసెన్సు లేకుండానే వేటాడవచ్చని ఆ రాష్ట్రం 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టం తెచ్చింది. సహోద్యోగి రాంచ్‌కి పిలుస్తాడు, మనవాడు సరదాగా వెళ్తాడు, వచ్చే ఏడాదికి జింకల సీజన్‌కి లైసెన్సు తీసుకుంటాడు. అడవిలో ఎలా నడవాలో నేర్పేవాళ్ళు దొరుకుతారు. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌కి ఆ బట్టలతో ఎలా తిరిగి రావాలో నేర్పేవాళ్ళు తక్కువ.

వేటతో సంబంధం లేనివారికీ ఇది పనికొస్తుంది. మేకల్ని, గొర్రెల్ని సాకే ఇళ్ళల్లో, చేపలు పట్టే ఇళ్ళల్లో, కుక్కను వెంటబెట్టుకుని చేలకూ కొండలకూ తిరిగేవాళ్ళ ఇళ్ళల్లో పుట్టే వాసనలకు కూడా సూత్రాలు ఇవే.

1. మీ ముక్కును పూర్తిగా నమ్మకండి

ఒక వాసన మధ్య కొంతసేపు గడిపితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రోజంతా అడవిలో గడిపి, చేతులతో జంతువును కోసి, అదే కార్లో ఇంటికి వచ్చిన మనిషికి తన బట్టలు మామూలుగానే అనిపిస్తాయి. తలుపు తీసిన భార్యకో తల్లికో మాత్రం గడప దగ్గరే ఊపిరాడదు. వాళ్ళు అతి చేస్తున్నారనుకోకండి. ఆ క్షణంలో ఇంట్లో సరిగ్గా పనిచేస్తున్న ముక్కులు వాళ్ళవే.

ఇంకో కారణం కూడా ఉంది. మగపంది కొవ్వులో ఉండే ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి చెమట కంపులా, ఉచ్చ కంపులా అనిపిస్తుంది. కొందరికి తియ్యగా తోస్తుంది. కొందరికి అసలు తెలియనే తెలియదు. ఈ తేడాలో కొంత భాగం ఓఆర్7డీ4 అనే వాసన గ్రాహక జన్యువు వల్ల వస్తుందని 2007లో పరిశోధకులు చూపించారు. అంటే పంది వేట బట్టలు శుభ్రమయ్యాయని మీరు ఎంత నమ్మకంగా చెప్పినా, మీ పక్కనున్న మనిషికి అవి కంపుకొడుతూ ఉండవచ్చు.

కాబట్టి మొదటి నియమం ఇది. బట్టలు ఆరాక వాసన చూసే పని వేటకు రాని మనిషికి అప్పగించండి. ఆరిన బట్ట మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మళ్ళీ చూడమనండి. పొడిగా ఉన్నప్పుడు దాక్కున్న వాసన తడి తగిలితే బయటపడుతుంది. ఆ పరీక్షలో నెగ్గితేనే పని పూర్తయినట్టు.

2. వాసన ఏ జాతిదో తేల్చుకోండి

వేట సామానుకు పట్టే వాసనలు ప్రధానంగా ఐదు రకాలు. ఒక్కోదానికి ఒక్కో మందు.

నీచు వాసన: రక్తం, మాంసపు రసం, పేగుల తడి, చేపల జిగురు. వీటిలో ఉన్నది ప్రధానంగా ప్రొటీన్. వేడి తగిలితే ప్రొటీన్ గడ్డకట్టి నూలు పోగుల్లో కరుచుకుపోతుంది. వేడినీళ్ళలో నానబెట్టిన రక్తపు మరక గోధుమరంగుకు తిరిగి ఎన్ని ఉతుకులకూ వదలకపోవడానికి కారణం ఇదే. దీనికి మందు చల్లనీళ్ళు, ఆ తర్వాత ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైము ఉన్న డిటర్జెంట్. చేపల నీచుకు అదనంగా ఇంకో మందు ఉంది. ఆ వాసన ఇచ్చే ట్రైమిథైల్ అమీన్ క్షార గుణం ఉన్నది కాబట్టి పులుపు తగిలితే అణిగిపోతుంది. మన ఇళ్ళల్లో చేపముక్కల్ని చింతపండుతోనో నిమ్మకాయతోనో కడగడంలో ఉన్న శాస్త్రం ఇదే. చేపల సంచికి, గాలాల పెట్టెకి వెనిగర్ నీళ్ళు అలాగే పనిచేస్తాయి.

కవురు వాసన: కొవ్వు. తాజాగా ఉన్నప్పుడు దీనికి పెద్ద వాసన ఉండదు. గాలి తగిలి పాతబడేకొద్దీ కవురు పడుతుంది. అడవిపంది దగ్గర ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ఆండ్రోస్టెనోన్, స్కేటోల్ అనే రెండు దుర్వాసన పదార్థాలూ కొవ్వులోనే కరిగి ఉంటాయి. నీళ్ళు ఎన్ని పోసినా కొవ్వు కదలదు. దానికి కావాల్సింది జిడ్డు విడిపించే సబ్బు. అంట్లు తోమే లిక్విడ్ సబ్బు ఇక్కడ బాగా పనిచేస్తుంది. పాలిస్టర్ బట్టకు జిడ్డంటే ఇష్టం, నూలుకన్నా గట్టిగా పట్టుకుంటుంది. మన వేట బట్టల్లో ఎక్కువ భాగం పాలిస్టరే.

గబ్బు వాసన: ఉచ్చ, గ్రంథుల స్రావాలు. మగ జింక వెనక కాళ్ళ కీలు లోపలివైపు ముదురు వెంట్రుకల కుచ్చు కనిపిస్తుంది. దాని కింద ఒక గ్రంథి ఉంటుంది. జతకట్టే కాలంలో జింక ఆ రెండు కుచ్చుల్నీ కలిపి రుద్దుకుంటూ వాటి మీదే ఉచ్చపోస్తుంది. అక్కడ చేరిన సూక్ష్మజీవులు దాన్ని ఘాటైన గబ్బుగా మారుస్తాయి. అమెరికాలో చాలా చోట్ల ఈ కాలం నవంబరు, దక్షిణ టెక్సస్‌లో డిసెంబరు. మేకపోతు కంపు, కుక్క ఉచ్చ, పిల్లి ఉచ్చ కూడా ఈ జాబితాలోవే. ఎండిన ఉచ్చలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, అందుకే పాతబడ్డకొద్దీ ఘాటు పెరుగుతుంది. దీనికి మందు ముందు పల్చటి వెనిగర్, ఆ తర్వాత ఎంజైములు.

గంధకం వాసన: స్కంక్. అమెరికా పొదల్లో, పొలాల గట్ల మీద తిరిగే ఈ నలుపు తెలుపు చారల జంతువు భయపడితే తోక ఎత్తి చిమ్ముతుంది. వేటకుక్కకు తగిలి, కుక్క నుంచి మీ బట్టలకు, కారు సీట్లకు అంటుతుంది. ఆ ద్రవంలో ఉన్నవి థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు. వాటిని సబ్బు కడగలేదు, సెంటు కప్పలేదు. వాటి రసాయన స్వరూపాన్నే మార్చాలి.

తడి వాసన: బూజు, తడిసిన కుక్క, మూలన పడేసిన బూట్లు. ఇది జంతువు తెచ్చింది కొంత, ఆ తడిలో మనం పెంచింది చాలా. దీనికి మందు గాలి, ఆరబెట్టడం.

ఒకే జాకెట్ మీద ఇవి రెండు మూడు కలిసి ఉండవచ్చు. అప్పుడు వరస ఇలా ఉండాలి: ముందు నీచు, తర్వాత జిడ్డు, తర్వాత గబ్బు. రక్తాన్ని చల్లనీళ్ళతో దింపకుండా జిడ్డు కోసం వేడినీళ్ళు పోస్తే రెండూ చెడతాయి.

3. మొదటి రోజు చేయాల్సిన పనులు

ఈ భాగాన్ని అలవాటుగా మార్చుకున్నవాళ్ళకు మిగతా అధ్యాయంతో అవసరం తక్కువగా ఉంటుంది.

కారు డిక్కీలో రెండు మూతల బకెట్లు, చేతి గ్లవ్స్, ఐదు లీటర్ల నీళ్ళు, ఒక జత మామూలు బట్టలు, చెప్పులు పెట్టుకోండి. జంతువును కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. వాసన కోసమే కాదు. అడవిపందుల నుంచి బ్రూసెల్లోసిస్ అనే జ్వరం మనుషులకు సోకుతుంది. జింక కాలి గ్రంథిని కత్తితో తాకకండి. తాకారా, ఆ కత్తితోనూ ఆ గ్లవ్స్‌తోనూ మాంసం ముట్టుకోవద్దు, మీ జిప్పూ ముట్టుకోవద్దు. వేటగాళ్ళ జాకెట్లలో ఎక్కువ వాసన పట్టే చోట్లు జిప్పు లాగే పట్టీ, జేబు అంచులు, చేతుల చివర్లు. అవన్నీ మురికి చేతులు తాకే చోట్లే.

ఇంటికి బయల్దేరే ముందే బట్టలు మార్చుకోండి. రక్తం తగిలినవి ఒక బకెట్‌లో చల్లనీళ్ళలో వేయండి. తగలనివి రెండో దాంట్లో పొడిగా పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి ముడేయకండి. గాలి ఆడని తడిలో సూక్ష్మజీవులు రాత్రికి రాత్రే పెరుగుతాయి, మర్నాటికి మీకు ఎదురయ్యేది జంతువు వాసన కాదు, వాటి వాసన.

ఇంటికి చేరిన రోజే ఉతకండి. అలసిపోయి ఉంటారు. ఉతికే ఓపిక లేకపోతే కనీసం రక్తపు బట్టల నీళ్ళు మార్చి, పొడి బట్టల్ని బాల్కనీలో గాలికి ఆరేసి పడుకోండి. ఆ పది నిమిషాల పని మర్నాటి పది గంటల శ్రమను తప్పిస్తుంది.

4. ఉతికే వరస

మొదటి మెట్టు, చల్లనీళ్ళు. బట్టను తిరగేసి, మరక వెనకవైపు నుంచి పంపు కింద పట్టండి. ముందు వైపు నుంచి పోస్తే రక్తం పోగుల్లోకి ఇంకా లోతుగా వెళ్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఓపిక పట్టండి.

రెండో మెట్టు, జిడ్డు. మెడ, చేతులు, మోకాళ్ళ దగ్గర లిక్విడ్ సబ్బు రాసి వేళ్ళతో మర్దించి పావుగంట వదలండి.

మూడో మెట్టు, ఎంజైములు (గబ్బు ఉంటే వాటికి ముందు పల్చటి వెనిగర్). డబ్బా వెనక పదార్థాల జాబితాలో ప్రొటియేజ్, లైపేజ్ అనే పేర్లు చూడండి. మొదటిది ప్రొటీన్‌ను, రెండోది కొవ్వును ముక్కలు చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఒకటి రెండు గంటలు నానబెట్టండి. పెంపుడు జంతువుల ఉచ్చ కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్లలో కొన్నిటిలో బతికున్న మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అవి పనిచేయాలంటే బట్ట గంటల తరబడి తడిగానే ఉండాలి. చల్లి ఐదు నిమిషాలకు తుడిచేసి, ఇది పనిచేయదని చెప్పేవాళ్ళు ఆ మందుకు సమయం ఇవ్వనివాళ్ళు. ఎంజైము వాడబోయే చోట ముందుగా బ్లీచ్ గాని, క్రిమిసంహారిణి గాని వాడకండి. ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

నాలుగో మెట్టు, మెషిన్. వాసన లేని డిటర్జెంట్ వాడండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, డ్రైయర్ షీట్లు దూరంగా పెట్టండి. సాఫ్ట్‌నర్ పోగుల మీద పల్చటి జిడ్డు పొర వేస్తుంది. పాత వాసన ఆ పొర కింద చిక్కుకుంటుంది, చెమట పీల్చే గుణం, నీటిని ఆపే గుణం రెండూ తగ్గుతాయి. పైగా ఆ సువాసనను జింక దూరం నుంచే పసిగడుతుంది. జంతువు వాసనను సెంటుతో కప్పిన వేటగాడు ఇంట్లో రెండు వాసనలు మోస్తాడు, అడవిలో ఖాళీ చేతులతో తిరిగి వస్తాడు.

ఐదో మెట్టు, పరీక్ష. నీడలో గాలికి ఆరేసి, ముందు చెప్పినట్టు ఇంకొకరి ముక్కుతో చూపించండి. వాసన ఉంటే మళ్ళీ మూడో మెట్టు దగ్గరికి వెళ్ళండి. పూర్తిగా పోయాకే డ్రైయర్. డ్రైయర్ వేడి ఎప్పుడూ చివరి మెట్టే.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. అమెరికా అడవుల్లో టిక్ అనే గోమారి కుట్టడం వల్ల లైమ్ జబ్బు వస్తుంది. పొడి బట్టల్ని డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే గోమార్లు చచ్చిపోతాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే రెండు బకెట్లు పెట్టుకోమన్నాను. మరక, వాసన లేని పొడి బట్టల్ని ముందు డ్రైయర్‌లో తిప్పి తర్వాత ఉతకవచ్చు. మరక ఉన్నవి మూతబెట్టిన బకెట్‌లోనే ఉండాలి, మరక వదిలాక చివర్లో ఎక్కువ వేడి. చల్లనీళ్ళ ఉతుకు గోమార్లను చంపదని గుర్తుంచుకోండి.

అపార్ట్‌మెంట్‌లో అందరూ వాడే లాండ్రీ గది అయితే ఇంట్లోనే చేత్తో మరక, జిడ్డు దింపి ఆ తర్వాతే అక్కడి మెషిన్‌లో వేయండి. పని అయ్యాక ఖాళీ మెషిన్‌ను ఒకసారి వేడినీళ్ళతో తిప్పి, తలుపు రబ్బరు మడతలు తుడవండి. మీ తర్వాత ఆ మెషిన్‌లో ఎవరో పసిపిల్లల బట్టలు వేస్తారు.

5. స్కంక్ చిమ్మితే

టొమాటో రసంతో స్నానం చేయించాలని అమెరికాలో అందరూ చెబుతారు. అది పనిచేయదు. అప్పటికి ముక్కు అలిసిపోయి స్కంక్ వాసనను వదిలేస్తుంది, టొమాటో వాసన మాత్రం కొత్తది కాబట్టి తెలుస్తుంది. వాసన పోయిందనుకుంటాం, పోదు.

నిజంగా పనిచేసే మందును 1993లో ఇల్లినాయ్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త పాల్ క్రెబామ్ లోకానికి చెప్పారు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక క్వార్ట్, అంటే సుమారు 950 మిల్లీలీటర్లు. వంటసోడా పావు కప్పు. లిక్విడ్ సబ్బు ఒక టీస్పూను. మూడూ మందుల షాపులో, కిరాణా షాపులో దొరికేవే. సబ్బు జిడ్డును విడదీస్తుంది, సోడా కలిసిన పెరాక్సైడ్ థయోల్స్‌కు ఆక్సిజన్ అందించి వాసన లేని పదార్థాలుగా మారుస్తుంది.

ఈ మందును అప్పటికప్పుడు వెడల్పాటి బకెట్‌లో కలిపి వెంటనే వాడేయాలి. సీసాలో పోసి మూత బిగిస్తే లోపల ఆక్సిజన్ పుట్టి సీసా పేలుతుంది. దాచుకోవడానికి ఇది పనికిరాదు. కుక్కకు పూస్తే కళ్ళు, నోరు తప్పించి 5 నిమిషాలు ఉంచి కడిగేయండి. వెంట్రుకల రంగు కొంచెం వెలిసిపోవచ్చు. బట్టల రంగు కూడా వెలుస్తుంది కాబట్టి కనపడని మూల ముందు పరీక్షించండి.

స్కంక్ ద్రవంలో థయోఅసిటేట్లు అనే మరో రకం కూడా ఉంటుంది. వాటికి మొదట పెద్దగా వాసన ఉండదు. నీళ్ళు తగిలిన కొద్దీ థయోల్స్‌గా మారి వాసన పుట్టిస్తాయి. వారం తర్వాత కుక్క వానలో తడిసినప్పుడు మళ్ళీ కంపు వస్తే కంగారుపడకండి, మందు తప్పలేదు. ఇంకోసారి చేయండి.

6. ఏ సామానుకు ఏ మర్యాద

వాన జాకెట్లు: గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నవాటికి లిక్విడ్ డిటర్జెంట్ మాత్రమే, బ్లీచ్ వద్దు, సాఫ్ట్‌నర్ వద్దు. రెండుసార్లు జాడించండి. వాసన పూర్తిగా పోయాక, జాకెట్ ఆరాక, డ్రైయర్‌లో మరో 20 నిమిషాలు వెచ్చగా తిప్పితే పైపొర నీటిని మళ్ళీ జారవిడుస్తుంది.

ఉన్ని: ఉన్ని స్వయంగా ప్రొటీనే. ప్రొటియేజ్ ఉన్న డిటర్జెంట్ మరకతో పాటు ఉన్నిని కూడా కొరుకుతుంది. ఉన్ని సాక్సులకు, బనియన్లకు, గొంగళికి కుంకుడుకాయ పులుసు మంచిది. దానిలోని సపోనిన్లు మెత్తగా జిడ్డు తీస్తాయి. అమెరికాలో ఇండియన్ స్టోర్లలో కుంకుడుకాయ పొడి దొరుకుతుంది. ఉన్నిని పిండకండి, టవల్‌లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి.

బూట్లు: లోపలి అట్ట, లేసులు తీసి విడిగా ఉతకండి. తోలు బూట్లను నానబెట్టవద్దు. తోలు శుభ్రం చేసే సాడిల్ సోప్‌తో తుడిచి, ఆరాక తోలుకు నూనె పట్టించండి. హీటర్ దగ్గర, మంట దగ్గర పెడితే తోలు పగులుతుంది, అట్ట జిగురు ఊడుతుంది. న్యూస్‌పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చండి. పూర్తిగా ఆరాక యాక్టివేటెడ్ బొగ్గు సంచి వేసి ఉంచండి. బొగ్గు మిగిలిన వాసనను పీల్చుతుంది, మురికిని తీయదు. కడగని బూట్లో బొగ్గు వేసి ప్రయోజనం లేదు.

బ్యాగులు, టెంట్లు: పెద్ద టబ్బులో చేత్తో ఉతకాలి. నైలాన్‌ను రోజుల తరబడి ఎర్రటి ఎండలో వదలకండి, దారాలు బలహీనపడతాయి. నీడ, గాలి చాలు. నూలు సంచులకు మాత్రం ఎండ మంచి స్నేహితుడు.

రబ్బరు వేడర్లు (నీళ్ళలో దిగేటప్పుడు వేసుకునే తొడుగులు), పెద్ద బూట్లు: లోపలివైపు కడిగి, తిరగేసి ఆరబెట్టండి. వాసన ఉండేది బయట కాదు, లోపల.

కత్తులు: పిడి సందుల్లో ఎండిన రక్తం, కొవ్వు వాసనకు మూలం. విప్పదగ్గవి విప్పి బ్రష్‌తో తోమండి. జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతక జబ్బు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది. దాన్ని కలిగించే ప్రయాన్లు అనే ప్రొటీన్లు మామూలు సబ్బుతోనూ, ఉడకబెట్టినా నశించవు. నాలుగు పాళ్ళు ఇంటి బ్లీచ్, ఆరు పాళ్ళు నీళ్ళు కలిపి అందులో స్టీలు కత్తిని 5 నిమిషాలు ముంచితే వాటి ప్రభావం పోతుందని 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ శాస్త్రవేత్తలు తేల్చారు. కండ ముక్కలు అంటుకుని ఉంటే బ్లీచ్ లోపలికి దిగదు, కాబట్టి ముందు తోమి తర్వాత ముంచండి. ఆపైన బాగా కడిగి తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది.

7. కలపకూడనివి

వాసన పోవాలన్న ఆత్రంలో ప్రాణం మీదికి తెచ్చుకోకండి. ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

బ్లీచ్‌ను ఉచ్చ పడిన బట్టల మీద పోయవద్దు. అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది. బ్లీచ్‌ను వెనిగర్‌తో కలపవద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్‌ను పెరాక్సైడ్‌తో ఒకే పాత్రలో కలపవద్దు. చర్మాన్ని, ఊపిరితిత్తులను మండించే పెరసిటిక్ ఆమ్లం తయారవుతుంది. వెనిగర్, వంటసోడా కలిపితే ప్రమాదం లేదు గాని ప్రయోజనమూ లేదు. బుసబుస పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అమ్మోనియా గబ్బుకు వెనిగర్ విడిగా, కవురు, పులిసిన వాసనలకు సోడా విడిగా వాడండి. మధ్యలో నీళ్ళతో కడగండి.

వాసన తీస్తాయని అమ్మే ఓజోన్ యంత్రాలను మనుషులున్న గదిలో వాడకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరించింది. బట్టల్లోని రబ్బరును, ఎలాస్టిక్‌ను కూడా అది పాడుచేస్తుంది.

8. ఎప్పుడు వదిలేయాలి

అన్ని వస్తువులూ దక్కవు. లోపల నురుగు ఉన్న పాత బ్యాగు భుజం పట్టీలు, స్కంక్ చిమ్మిన తోలు గ్లవ్స్, ఏళ్ళ తరబడి జిడ్డు పీల్చిన టోపీ లాంటివి వరసగా రెండు మూడు సార్లు పద్ధతి ప్రకారం శుభ్రం చేసినా తడి పరీక్షలో నెగ్గకపోతే తీసేయండి. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: నేను నిజంగా వరస ప్రకారం చేశానా, లేక ఒకదాని మీద ఒకటి పోశానా? వరస ప్రకారం చేసి ఉంటే నిశ్చింతగా పారేయండి. లేకపోతే చల్లనీళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

ఈ అధ్యాయం నుంచి ఆచరణకు

వచ్చే ప్రయాణానికి ముందే ఈ ఐదు పనులు చేయండి.

డిక్కీలో రెండు మూతల బకెట్లు, గ్లవ్స్, నీళ్ళు, మార్చుకునే బట్టలు పెట్టండి.

వాసన లేని ఎంజైమ్ డిటర్జెంట్, వెనిగర్, వంటసోడా, 3 శాతం పెరాక్సైడ్ కొని లాండ్రీ గదిలో విడివిడిగా పెట్టండి. సాఫ్ట్‌నర్‌ను వేట బట్టలకు దూరంగా ఉంచండి.

చల్లనీళ్ళు, సబ్బు, ఎంజైము, మెషిన్, పరీక్ష, చివర్లో వేడి. ఈ వరసను కాగితం మీద రాసి మెషిన్ మీద అంటించండి.

కలపకూడని జంటలను దాని కింద రాయండి.

బట్టలు ఆరాక వాసన చూసిపెట్టమని ఇంట్లో ఒకరిని అడగండి. వాళ్ళు ఇంకా వాసన ఉందంటే వాదించకండి, మళ్ళీ ఉతకండి.

అడవిలోకి వెళ్ళడం మీ ఇష్టం. కానీ ఆ ఇంట్లో మీతో పాటు ఉండేవాళ్ళు అడవికి రాలేదు. ఇంటికి చేరిన రాత్రి చల్లనీళ్ళ బకెట్‌కు పది నిమిషాలు కేటాయించండి. వాళ్ళ పట్ల మీ బాధ్యతలో పెద్ద భాగం ఆ పది నిమిషాల్లోనే తీరుతుంది.